పాలు పొంగిన చిరునామా

ఇల్లు మారడం మహా కష్టం అంటారు గానీ, నన్నడిగితే అందులో అంత కష్టమేమీ లేదండి. ట్రాలీ ఆటో మాట్లాడుకుంటే బీరువా వచ్చేస్తుంది. పట్టెలు ఊడదీస్తే మంచమూ వచ్చేస్తుంది. రుబ్బురోలు కాస్త పేచీ పెడుతుంది, నలుగురు పడితే అదీ కదులుతుంది. రానిదల్లా మనమే. మనం వచ్చామని ఆఫీసువాళ్ళు ఒప్పుకోవాలి. చింతలంక పురపాలక సంఘం వాళ్ళు నేను వచ్చానని ఒప్పుకోవడానికి ఎండాకాలమంతా పట్టింది.

నా పేరు కొప్పిశెట్టి వీర్రాజు. కాలిపోయిన పంపు మోటార్లకి రాగి తీగ చుట్టి బాగుచేస్తుంటాను. మన కరెంటు ఏ ఊళ్ళో అయినా ఒకలాగే ఉంటుంది కాబట్టి నాకు ఎక్కడికెళ్ళినా పనికి లోటులేదు. ఇల్లు మారింది నాకోసం కాదు, మా ఆవిడ మంగతాయారు కోసం. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ వీధిలో పిల్లల్ని పోగేసి, అరుగు మీద కూర్చోబెట్టి పలక దిద్దించడమే ఆవిడకి సరదా. ఎవరూ జీతమివ్వరు, పైగా బలపాలు మనవే. అలాంటి మనిషికి చింతలంక పందొమ్మిదో వార్డు బాలబడిలో టీచరమ్మ ఉద్యోగానికి జాబితాలో మొదటి పేరొచ్చింది. షరతు ఒక్కటే. టీచరు ఆ వార్డులోనే కాపురం ఉండాలి. బడి తెరిచే రోజుకి నివాస పత్రం చూపించాలి. చూపించకపోతే ఉద్యోగం రెండో పేరు ఆవిడకి పోతుంది. మంగతాయారు ఆ ఉద్యోగం మాటెత్తినప్పుడల్లా గొంతు తగ్గించేసేది. గట్టిగా అంటే ఎక్కడ దిష్టి తగులుతుందోనని ఆవిడ భయం.

పందొమ్మిదో వార్డులో రెండు గదుల వాటా తీసుకుని దిగాం. అద్దె కాగితం, కరెంటు బిల్లు, ఇంటావిడ సంతకం అన్నీ కవర్లో పెట్టుకుని పురపాలక ఆఫీసుకి వెళ్ళాను. కౌంటర్లో గుమస్తా కవరు విప్పనైనా విప్పలేదు. పాలు ఎప్పుడు పొంగిస్తున్నారని అడిగాడు. నేనేదో మర్యాదకి పలకరిస్తున్నాడనుకుని, మంచి రోజు చూసుకుని పొంగిస్తాం, మీరూ రండి అన్నాను. మేం రాకపోతే అది పొంగే కాదని చెప్పి గోడకేసి వేలు చూపించాడు.

సంగతేమిటంటే, కమిషనరు పరాంకుశం గారు ఆ మధ్య 'మన సంస్కృతి, మన పాలన' అని ఏదో సదస్సుకి వెళ్ళొచ్చారట. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు మెడలో కండువా, చేతిలో జ్ఞాపిక, బుర్రలో ఈ ఉత్తర్వు. గోడ మీద ఇలా ఉంది:

"నివాసమనగానేమి? నూతన గృహమందు పాలు పొంగించుటయే నివాసమునకు ఆరంభమని మన పూర్వులు నిర్ణయించియున్నారు. కావున ఇకమీదట పురపాలక ప్రతినిధి సమక్షమున, దరఖాస్తుదారుని సొంత పొయ్యిపై, పాలు పాత్ర అంచును అతిక్రమించిన క్షణము నుండి మాత్రమే సదరు వ్యక్తి సదరు చిరునామాయందు నివసించుచున్నట్లు పరిగణింపబడును."

కింద ఎర్ర అక్షరాలతో 'జిరాక్సు అబద్ధమాడును, పాలు అబద్ధమాడవు' అని రాసి ఉంది.

దాపరికమెందుకు, నాకు నచ్చింది. మంగతాయారుకి ఇంకా నచ్చింది. ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేకుండా అర లీటరు పాలతో పోయే పనే కదా అంది.

పంతులుగారు తెల్లారుజామునే ముహూర్తం పెట్టారు. మా చెల్లెలు వచ్చి పాలు పెడితే దివ్యంగా పొంగాయి. పరమాన్నం వండుకుని, దేవుడికి పెట్టి, పురపాలక ప్రతినిధి కోసం గుమ్మంలో కూర్చున్నాం. ఎండ ముదిరాక వచ్చాడాయన. పేరు త్రినాథరావు, హోదా పొంగు పరిశీలనాధికారి. అంతకుముందు దోమల మందు కొట్టే విభాగంలో ఉండేవాడట. నెమ్మదస్తుడు, మనిషికి మర్యాద తెలుసు. సంచీలోంచి ఓ స్కేలు, ఓ దిక్సూచి, ఓ ఈల తీసి వరసగా పీట మీద పెట్టి, కానివ్వండమ్మా అన్నాడు. పొద్దున్నే అయిపోయిందండీ అని మంగతాయారు ఆయన చేతిలో పరమాన్నం గిన్నె పెట్టింది. శుభ్రంగా తిన్నాడు. చెయ్యి కడుక్కుని, 'సదరు పొంగు కార్యాలయ వేళలకు పూర్వము జరిగిన అక్రమ పొంగు' అని రాసి, బావుందమ్మా పరమాన్నం, యాలకులు సరిగ్గా పడ్డాయి అని చెప్పి వెళ్ళిపోయాడు.

మళ్ళీ పంతులుగారి కాళ్ళు పట్టుకున్నాను. ఆఫీసు వేళల్లో ముహూర్తం అంటే ఆయన పంచాంగం తిరగేసి తిరగేసి, ఇక్కడ రాహుకాలం, ఇక్కడ వర్జ్యం, మధ్యలో కాస్త సందుంది గానీ అప్పుడు మీ త్రినాథరావు భోజనానికి వెళ్తాడని తేల్చారు. చివరికి ఎలాగో ఓ ముహూర్తం ఇరికించారు. ఈలోగా మా పాత ఊరి నుంచి తెచ్చుకున్న సిలిండరు ఖాళీ అయిపోయింది. కొత్తది ఇమ్మని గ్యాసు వాళ్ళనడిగితే ఈ ఊళ్ళో నివాస పత్రం ఏదన్నారు. పత్రం కావాలంటే పాలు పొంగాలి, పాలు పొంగాలంటే గ్యాసు కావాలి, గ్యాసు కావాలంటే పత్రం కావాలి.

ఈ ముక్క కమిషనరు గారికి చెప్పుకుందామని వెళ్ళాను. పరాంకుశం గారు చాలా సంతోషించారు. "చూశారా వీర్రాజు గారూ, ఒక శాఖ ఇంకో శాఖతో ఎంత చక్కగా పెనవేసుకుపోయిందో. దీన్నే సమన్వయం అంటారు" అన్నారు. టీ కూడా ఇప్పించారు.

ఇంటావిడ అటక మీంచి బొగ్గుల కుంపటి దింపించి ఇచ్చింది. సొంత పొయ్యి కాదని పేచీ వస్తుందేమోనని దాన్ని ఆవిడ దగ్గర కొనుక్కున్నాను. త్రినాథరావు వచ్చాడు. విసిరి విసిరి నా చెయ్యి పడిపోయింది. ఎండాకాలం, ప్యాకెట్టు పాలు, తీరా కాగే వేళకి విరిగి కూర్చున్నాయి. 'పాలు విరిగినందున దరఖాస్తుదారునికి సదరు గృహమందు స్థిరపడు ఉద్దేశము లేదని భావించడమైనది' అని రాశాడాయన. ఉద్దేశం ఉంది బాబూ, పాలకే లేదు అంది మంగతాయారు. ఉద్దేశం పాల ద్వారానే తెలుస్తుందమ్మా అన్నాడు పాపం, ఎంతో బాధగా.

ఇంకోసారి గేదె పాలు తెచ్చాం. చక్కగా పొంగాయి. కుంపటి ఓ పక్కకి ఒరిగిందో ఏమో, పాలు పడమటి వైపు పారాయి. ఆయన దిక్సూచి తీశాడు. మా పడమటి గోడకి అవతల ఇరవయ్యో వార్డు. దరఖాస్తుదారు మనసు ఇరవయ్యో వార్డు మీదుందని రాశాడు. ఆ తర్వాతసారి తూర్పుకే పొంగాయి గానీ, సరిగ్గా అంచు దాటే వేళకి ఆయన ఫోను మోగింది. అటు తిరిగి మాట్లాడి ఇటు తిరిగేసరికి పాలు కింద, నురగ పైన. చూడని పొంగుని రాయడానికి తన అంతరాత్మ ఒప్పుకోదన్నాడు.  ఆ మధ్యాహ్నం మంగతాయారు కుంపటి ముందు కూర్చుని చీపురు పుల్లతో బూడిదలో అ ఆలు రాసుకుంటూ ఉండిపోయింది. 

మా ఒక్కళ్ళ గోడే కాదు, ఊరంతా ఇదే గోలగా ఉంది. అద్దెకి దిగేవాళ్ళు ఇల్లు చూడ్డం మానేసి వంటింట్లో నేల ఎటు వాలి ఉందో చూస్తున్నారు. పందొమ్మిది, ఇరవై వార్డుల మధ్య గోడ పక్క ఇళ్ళకి అద్దె పడిపోయింది. గేదె పాలకి క్యూలు కడుతున్నారు. ఆఫీసు ఎదురుగా టీ కొట్టు అప్పన్నకి అయితే పాపం, రోజూ పొయ్యి మీద పాలు పొంగుతాయి కదా, పొంగినప్పుడల్లా కొత్తగా కాపురం పెట్టినట్టు నోటీసు ఇచ్చేవారు. ఒక మనిషి ఒకేచోట ఇన్నిసార్లు ఎందుకు దిగుతున్నావో సంజాయిషీ చెప్పమన్నారు. అతను భయపడి బ్లాక్ టీ అమ్మడం మొదలెట్టాడు.

దరఖాస్తులు కుప్పలు పడిపోయాయి. ఊరికంతటికీ ఒక్క త్రినాథరావు ఎన్నని చూస్తాడు? అప్పుడు పరాంకుశం గారికి ఇంకో ఆలోచన వచ్చింది. ఆ మహానుభావుడికి ఆలోచన వచ్చిన రోజు ఊరు ఊరంతా ఓసారి ఉలిక్కిపడేది. అధికారి ఇల్లిల్లూ తిరగడం దేనికి, ప్రజలే పాలు పట్టుకుని ఆఫీసుకి వస్తే సరిపోదా అన్నారు. ఆఫీసు వెనక వరండాలో వరసగా గ్యాసు పొయ్యిలు పెట్టించి, ఎవరు పాలు పెడితే అంతసేపూ ఆ పొయ్యి వాళ్ళ సొంతమేనని తేల్చి, 'పొంగు ప్రాంగణం' అని బోర్డు కట్టించారు. అక్కడ నేల చదునుగా ఉంది, ఫోను నిషేధం, పాలు తూర్పుకి తప్ప ఎటూ పోకుండా సిమెంటు కాలవ కూడా తీశారు.

మేం మొదటి రోజే వెళ్ళాం. మా పాలు మొదటి మంటకే పొంగాయి. త్రినాథరావు ఈల వేశాడు. కంప్యూటరులోంచి పత్రం టకటకా బయటికొచ్చింది. మంగతాయారు దాన్ని కళ్ళకద్దుకుని, ఆ తర్వాత చదివింది. చదివి నా చేతికిచ్చింది. అందులో మా పేర్లు సరిగ్గానే ఉన్నాయి. చిరునామా దగ్గర మాత్రం 'పురపాలక కార్యాలయము, ఒకటో వార్డు' అని ఉంది.

కమిషనరు గారి గదిలోకి పరిగెత్తాను. ఆయన పత్రం చూసి, ఇందులో తప్పేముంది అన్నారు. పాలు ఎక్కడ పొంగితే అక్కడే నివాసం అని ఉత్తర్వులో స్పష్టంగా ఉందట. మాకు ఇల్లు పందొమ్మిదో వార్డులో ఉంది మహాప్రభో అన్నాను. "మీరు ఉన్నామంటున్నారు, పాలు లేరంటున్నాయి. నేనెవర్ని నమ్మాలి?" అన్నారు. మరి ఆ ఉత్తర్వు కాస్త సవరించమంటే, అది ఉత్తమ సంస్కరణ బహుమతికి రాజధానికి వెళ్ళి ఉందనీ, ఫలితం వచ్చేదాకా అందులో కామా కూడా కదపకూడదనీ చెప్పారు.

 మంగతాయారు ఏడుస్తుందనుకున్నాను. ఇంటికొచ్చి బీరువా మీంచి ట్రంకుపెట్టె దింపి, ట్రాలీ ఆటో పిలవండి అంది.

"ఎక్కడికే?"

"మనింటికి. పత్రంలో రాసుంది కదా."

పెట్టె, బేడా, రుబ్బురోలు, కుంపటితో సహా పురపాలక ఆఫీసులో దిగాం. పత్రంలో గది నంబరు వెయ్యలేదు కాబట్టి ఆవిడ అన్నీ చూసుకుని కమిషనరు గారి గది ఎంచుకుంది. గాలీ వెలుతురూ వస్తాయంది. పొద్దున పరాంకుశం గారు వచ్చేసరికి గది తుడిచి, గుమ్మంలో ముగ్గేసి, బల్ల మీద ఎండుమిరపకాయలు ఆరబోసి ఉంది. "చెప్పులు బయట విప్పి రండి, ఇప్పుడే తడిగుడ్డ పెట్టాను" అంది. ఆయన చెప్పులు విప్పి లోపలికొచ్చి, అప్పుడు గుర్తొచ్చి, ఇది నా గది కదమ్మా అన్నారు. ఆవిడ పత్రం చూపించి, మీరిక్కడ ఎప్పుడు పాలు పొంగించారండీ అని వినయంగా అడిగింది. ఆయన అప్పటిదాకా ఆ సంగతి ఆలోచించినట్టు లేదు.

మమ్మల్ని చూసి పొంగు ప్రాంగణంలో పాలు పొంగించుకున్న మిగతా కాపురాలన్నీ ఒక్కొక్కటే దిగడం మొదలెట్టాయి. పన్నుల విభాగంలో ఒకళ్ళు, జనన మరణాల విభాగంలో ఇద్దరు, మెట్ల కింద ఒకళ్ళు. రికార్డు గదిలో ఎవరిదో బిడ్డకి ఉయ్యాల కట్టారు. ఖాళీ చేయించుదామంటే పోలీసులొచ్చి పత్రాలు చూసి, వీళ్ళంతా ఇక్కడి వాస్తవ్యులే, ఏ కాగితమూ లేనిది మీకేనండీ అని కమిషనరు గారితో చెప్పి వెళ్ళిపోయారు. ఒక్క వాక్యం రాసి ఆ ఉత్తర్వు రద్దు చేస్తే అయిపోను. కానీ బహుమతి అక్కడ మరి. అంచేత ఆయన ఆఫీసునే ఖాళీ చేసి, ఊరి చివర మూతబడ్డ రైసుమిల్లులోకి మార్చేశారు.

అక్కడికి వెళ్ళాక త్రినాథరావు ఉత్తర్వులో ఓ వాక్యం వేలుపెట్టి చూపించాడు. 'వ్యక్తి అనగా సంస్థ కూడా' అని ఉంది. అంటే ఆ మిల్లులో పాలు పొంగేదాకా పురపాలక సంఘం అక్కడ ఉన్నట్టు కాదు. లేని సంఘం చేసిన సంతకాలు చెల్లవు. సిబ్బంది అంతా కలిసి పాలు పెట్టారు. ఊకపొట్టు పొయ్యి మీద ఓసారి మాడాయి, పెద్ద డేగిసాలో పోసి ఓసారి అడుగునే ఉడికాయి, ఓసారి మిల్లులో పిల్లి ముందుగా చూసుకుంది. త్రినాథరావు నిజాయితీపరుడు. తన ఆఫీసుని తనే మూడుసార్లు తిరస్కరించాడు. ఊళ్ళో పుట్టినవాళ్ళకి పుట్టినట్టు కాగితం లేదు, కొళాయిలకి మరమ్మతు లేదు.

బాలబడి ఉద్యోగం మంగతాయారుకో, రెండో పేరు ఆవిడకో తేల్చే కాగితం కూడా కమిషనరు గారి సంతకం దగ్గరే ఆగింది. మర్నాడే బడి తెరుస్తారు.

పాలు ఎందుకు పొంగట్లేదో తెలుసుకోవడానికి పరాంకుశం గారు అత్యవసర సమావేశం పెట్టారట. తర్వాత త్రినాథరావే నాకు చెప్పాడు. ఎవరికి తోచిన కారణం వాళ్ళు చెప్పాక త్రినాథరావు లేచి, అయ్యా, ఆడపడుచు లేకుండా ఏ ఇంట్లో పాలు పొంగాయండీ, వీర్రాజు గారింట్లో కూడా వాళ్ళ చెల్లెలే పొంగించింది అన్నాడట. అందరూ నిజమే నిజమే అన్నారు. అయితే పురపాలక సంఘానికి ఆడపడుచు ఎవరు? టైపిస్టు గారిని అడిగితే, ఉన్న ఇద్దరన్నయ్యలతోనే పడలేకపోతున్నాను, నావల్ల కాదంది. అప్పుడు పరాంకుశం గారు నిబంధనల ప్రకారమే ఆలోచించారు. సంఘానికి పుట్టిల్లు పాత ఆఫీసు. ఆ పుట్టింట్లో హక్కు ఉన్నట్టు మొట్టమొదటి పత్రం పొందిన స్త్రీ ఎవరు?

ఆ సాయంత్రం ఆయన పళ్ళెంలో పసుపు, కుంకుమ, తమలపాకులు పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. ఈసారి చెప్పకుండానే చెప్పులు విప్పారు. "అమ్మా, చింతలంక పురపాలక సంఘం తరఫున తమర్ని ఆడపడుచుగా ఆహ్వానించడమైనది. రేపు ఉదయం విచ్చేసి, పాల పొంగు కార్యక్రమాన్ని జయప్రదం చేయవలసిందిగా కోరడమైనది" అన్నారు. మంగతాయారు బొట్టు పెట్టించుకుంది. అలాగే అన్నయ్యగారూ అంది. ఆ పిలుపుకి పరాంకుశం గారి మొహం మెత్తబడిపోయింది.

మర్నాడు మిల్లులో సిబ్బంది అంతా చుట్టూ నిలబడ్డారు. ఆవిడ కొత్త గిన్నెకి పసుపు రాసి, పాలు పోసి, పాత ఆఫీసు నుంచి తెప్పించిన గ్యాసు పొయ్యి వెలిగించింది. త్రినాథరావు మోకాళ్ళ మీద కూర్చుని గిన్నె అంచుకేసి రెప్పవాల్చకుండా చూస్తున్నాడు. పాలు మెల్లగా లేచాయి. నురగ అంచు దాకా వచ్చింది. సిబ్బంది చప్పట్లకి చేతులెత్తారు. అప్పుడు మంగతాయారు మంట తగ్గించేసింది. నురగ కిందికి దిగిపోయింది.

"ఆడపడుచు లాంఛనం ఏదన్నయ్యగారూ?"

పరాంకుశం గారు అందుకు సిద్ధపడే వచ్చారు. కవర్లోంచి పట్టుచీర తీసి ఇచ్చారు. ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, బావుంది, నా ఉద్యోగం కాగితం కూడా పెట్టండి అంది. ఆయన గొంతు సవరించుకున్నారు. నివాసం ఒకటో వార్డులో, ఉద్యోగం పందొమ్మిదో వార్డులో అయినందున నియమావళి అంగీకరించదని మొదలెట్టారు.  ఆవిడ మంట ఇంకాస్త తగ్గించింది. త్రినాథరావు తల తిప్పకుండానే, అయ్యా, మన సంఘం నివాసం ప్రస్తుతం అంచుకి రెండు వేళ్ళ కింద ఉందండి అని నివేదించాడు.

నేను ఆ పక్కనే నిలబడి ఉన్నాను. ఇన్నాళ్ళూ గొంతు తగ్గించి మాట్లాడిన మనిషి, ఉన్న ఊరంతటినీ ఆ చిన్న మీట కింద పెట్టుకుని కూర్చుంటే నాకు ఏడుపొచ్చింది. భయంతో కాదు, సంతోషంతో.

పరాంకుశం గారు కళ్ళు మూసుకున్నారు. ఆయనకి మళ్ళీ ఆలోచన వస్తోందని అందరికీ తెలిసిపోయింది. కళ్ళు తెరిచి టైపిస్టుకి చెప్పారు: "పురపాలక సంఘపు ఆడపడుచునకు పట్టణమందలి సర్వ వార్డులును పుట్టినింటితో సమానములగుటచేత, ఆమె అన్ని వార్డులయందును ఏకకాలమున నివసించుచున్నట్లు పరిగణించి, పందొమ్మిదవ వార్డు బాలబడి టీచరుగా నియమించడమైనది." కాగితం వచ్చింది. కలం తీశారు. పాలు పొంగకముందు పెట్టిన సంతకం చెల్లదండోయ్ అని త్రినాథరావు హెచ్చరించాడు. ముందు సంతకం అంది మంగతాయారు. ముందు పొంగు అన్నారు పరాంకుశం గారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆవిడ మీట మీద వేళ్ళు, ఆయన కాగితం మీద కలం. ఆయన 'ప' రాస్తుంటే మంట పెరిగింది, 'రాం' దగ్గర నురగ లేచింది, చివర చుట్టిన సున్నతో పాటే పాలు అంచు దాటి బుస్సుమని పొయ్యి మీద పడ్డాయి. త్రినాథరావు ఈల వేశాడు. అతని కళ్ళల్లో కూడా నీళ్ళున్నాయి, పొగకేమో మరి.

ఆవిడ కాగితం తీసుకుని, సంతకం తడి ఆరేదాకా ఊది, మడిచి జాకెట్లో పెట్టుకుంది. బడికి టైమవుతోందని లేచింది. పరాంకుశం గారు చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చారు. ఇప్పుడు ఆయనకీ ఓ చిరునామా వచ్చింది కదా, కాస్త ధైర్యంగా ఉన్నారు. కార్యక్రమం సుఖాంతమైంది కనక, పాత ఆఫీసు ఎప్పుడు ఖాళీ చేస్తారమ్మా అని నవ్వుతూ అడిగారు.

మంగతాయారు ఆయన వైపు ఎంతో ప్రేమగా చూసింది.

"ఆడపడుచుకి పెట్టింది వెనక్కి అడుగుతారా అన్నయ్యగారూ? ఎవరన్నా వింటే నవ్వుతారు."

పరాంకుశం గారు త్రినాథరావు కేసి చూశారు. త్రినాథరావు అప్పటికే ఆ మాట రాసుకుంటున్నాడు.